బొమ్మ పెట్టిన బొట్టు

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన గోడకు ఒక బొమ్మ వేలాడుతుంటుంది. తోట వైకుంఠం గారి చిత్రానికి అచ్చు ప్రతి. అసలు బొమ్మ కొనే స్తోమత మా అసోసియేషన్‌కు ఎక్కడిది! ఎర్రచీర, పసుపుపచ్చ రవిక, నిగనిగలాడే నల్లటి ఒళ్లు, కొప్పు నిండా పూలు, ముక్కుపుడక, భుజం మీద చిలక, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. లిఫ్టు పై నుంచి దిగి వచ్చేలోగా చూడటానికి అక్కడ ఇంకేమీ లేదు గనుక రోజూ ఆమెనే చూస్తాను. ఒకనాడు మెట్లు తుడుస్తున్న వాచ్‌మన్ భార్య, నైటీ మీద తువాల వేసుకుని ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ, నేను బొమ్మ వంక చూడటం గమనించి ఫోను చెవి నుంచి పక్కకు తీసింది. "గిట్ల ఎవరుంటున్నరు సార్ ఊళ్లె? మా అత్త గూడ నైటీలే ఏసుకుంటది" అని, మళ్లీ తన మాటల్లో పడిపోయింది.

ఆ మాటకు నవ్వి ఊరుకున్నాను గానీ, మర్నాటి నుంచి ఆ బొమ్మను మామూలుగా చూడలేకపోయాను. ఆమె అన్నది చీర గురించి. నాకు మాత్రం ఆ చీర వెనకాల ఏముందన్న యావ పట్టుకుంది. ఏమీ లేదు. ఇది పల్లెటూరి బొమ్మ అని ఎవర్ని అడిగినా చెబుతారు. కానీ అందులో పూరి గుడిసె లేదు, వేపచెట్టు లేదు, చెరువుకట్ట లేదు, బండిబాట లేదు, ఆఖరికి ఆకాశం కూడా లేదు. ఉన్నదల్లా అంచు నుంచి అంచు దాకా పూసిన ఒకే రంగు. మరి దాన్ని చూడగానే నాకు పాత కరీంనగర్ జిల్లా మొత్తం, ఎండతో సహా, ఎందుకు కళ్లముందు నిలబడుతుంది? గీయని ఊరు ఎక్కడి నుంచి వస్తోంది? నా లోపలి నుంచే వస్తోందా, లేక ఆయన ఆ ఎరుపులోనే ఎక్కడో కలిపేశారా?

వైకుంఠం గారు 1942లో ఆ కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలోనే పుట్టారు. హైదరాబాద్‌లో లలితకళలు చదివి, బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని తిరిగివచ్చారు. తన బొమ్మల్లోని ఆడవాళ్లకు మూలం కన్నతల్లి అనీ, చిన్నతనంలో ఊరికి వచ్చే నాటకాల వాళ్లలో ఆడవేషం కట్టే మగవాళ్లు అనీ ఆయనే చెబుతూ వచ్చారు. మొదటిది అందరికీ గుర్తుంటుంది, అమ్మ మాట కదా. రెండోదాన్ని చాలామంది దాటేస్తారు. నాకైతే అసలు సంగతి ఆ రెండోదాంట్లోనే ఉందనిపిస్తుంది. రాత్రి పూట, ఊరి నడుమ ఖాళీ జాగా, రెండు గుంజలకు కట్టిన తెర, సుయ్యిమంటున్న గ్యాసులైటు. ఆ వెలుగులోకి వేషం వస్తుంది. మొహానికి దట్టంగా అర్దళం, దూరాన కూర్చున్నవాడికి ఆనాలి గనుక పెద్ద బొట్టు, కళ్లకు మందంగా కాటుక, కొట్టొచ్చే రంగు చీర. చుట్టూ ఊరంతా ఉంది. ఇళ్లున్నాయి, చెట్లున్నాయి, కొట్టంలో బర్రెలున్నాయి. ఏదీ కనపడదు. నోరు తెరుచుకుని ముందు వరసలో కూర్చున్న పిల్లవాడికి ఆ మనిషి తప్ప లోకం లేదు. ఆ పిల్లవాడే పెద్దయి కుంచె పట్టినప్పుడు వెనకాల చెట్టు ఎందుకు గీస్తాడు? చూడలేదు గదా! ఇది వట్టి నా ఊహ. బొమ్మల చదువు చదివినవాళ్లు ఇంకేవో కారణాలు చెబుతారు, అవీ నిజమే అయ్యుండవచ్చు. కానీ ఈ ఊహ ఒకసారి వచ్చింది మరి పోవడం లేదు. పైగా ఒక చిక్కు కూడా తెచ్చిపెట్టింది. అచ్చమైన తెలంగాణ ఆడమనిషి అని మనం ఇంటింటా గోడకు తగిలించుకున్నది, సగం పాలైనా, మీసం గొరిగించుకుని వేషం కట్టిన మగవాడేనా? అయితే మాత్రమేం? సరుకు ఏ అంగట్లో దొరికిందో జ్ఞాపకం ఎన్నడూ లెక్క చెప్పదు.

చేర్యాల పటం చూసినప్పుడు ఈ ఊహకు ఇంకో ఊతం దొరికింది. నకాషీ పనివాళ్లు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల గుజ్జు, జిగురునీళ్లు కలిపి పూతల మీద పూతలు పట్టించి, ఆరబెట్టి, దాని మీద గజాల కొద్దీ పొడుగున కథ గీస్తారు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని పాడి వినిపించే ఆశ్రిత కులం ఒకటి, వాళ్ల చేతికి ఈ చుట్ట. కథ నడుస్తుంటే పటం విప్పుతూ పోవాలి. ఆ పటంలో మనుషుల వెనక జాగా అంతా ఎరుపే. అది పొద్దుగూకిన ఆకాశమా, ఎర్రమట్టి నేలా, రాజు గారి మేడ గోడా? కథ చెప్పేవాడి నోట్లో ఆ క్షణాన ఏముంటే అది. అడవి అంటే అడవి, కొలువు అంటే కొలువు. నేలను గీసి చూపించాల్సిన పని చిత్రకారుడికి లేదు, వినేవాడు తన ఊరి నుంచి తెచ్చుకుని అక్కడ పరుచుకుంటాడు. లిఫ్టు పక్కన నేను చేస్తున్నదీ ఆ పనే కాబోలు. వైకుంఠం గారు ఈ పటాల నుంచే నేర్చారని నేను అనడం లేదు. ఆ చుట్టుపక్కల గాలిలో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉందని మాత్రం అనిపిస్తుంది.

కాకపోతే అదే నకాషీ పని నుంచి నేరుగా నేర్చుకున్న కాపు రాజయ్య గారు ఇంకో దారిన పోయారు. 1925లో సిద్దిపేటలో పుట్టి, 2012లో కన్నుమూసేదాకా సిద్దిపేట మనిషిగానే ఉన్నారు. బడిపిల్లలకు డ్రాయింగు చెప్పిన పంతులు. ఆయన బొమ్మల్లో ఊరు కిటకిటలాడుతుంది. బోనాలు, బతుకమ్మ, కోలాటం, వడ్డెర ఆడవాళ్లు, పంటపొలాలు. ఖాళీ జాగా కనపడితే ఎవరినో ఒకరిని తెచ్చి నిలబెడతారు. ఊళ్లోనే ఉన్నవాడు ఊరిని వదిలిపెట్టలేకపోయాడనీ, పట్నం చేరినవాడు ఒక్క మనిషిని పట్టుకుని మిగతాదంతా జారవిడిచాడనీ చెబితే చక్కగా అతికినట్టుంటుంది. అతికినట్టు ఉండటమే నాకు అనుమానం. రాజయ్య గారు మాత్రం జ్ఞాపకం మీద ఆధారపడలేదని ఎలా అంటాం? బోనాలు ఏడాదికి ఒకసారే వస్తాయి. ఇంట్లో కూర్చుని బొమ్మ వేసే నాటికి ఆ బోనం ఎత్తిన మనిషి మళ్లీ కలుపు తీయడానికి పోయి ఉంటుంది. పక్క వీధికి కూడా జ్ఞాపకంలో నుంచే నడిచి పోవాలి.

లక్ష్మా గౌడ్ గారి బొమ్మల ముందు నిలబడితే ఇంకో రకం ఇబ్బంది. 1940లో మెదక్ ప్రాంతం నిజాంపూర్‌లో పుట్టిన మనిషి. ఆయనా హైదరాబాద్‌లో చదివి బరోడా వెళ్లారు, ఆయనకూ సుబ్రమణ్యన్ గారే గురువు. ఒకే గురువు చేతి కిందికి పోయిన ఇద్దరు తెలంగాణ పల్లె పిల్లలు ఇంత వేరువేరు ఊళ్లతో తిరిగి రావడం చూస్తే గురువు మీద గౌరవం పెరుగుతుంది. లక్ష్మా గౌడ్ గారికి రంగు కన్నా ముందు గీత. ఎచింగ్ పనిలో రాగి రేకు మీదనో జింకు రేకు మీదనో మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచుతారు. సూది మైనాన్ని తొలగించిన చోటల్లా ఆమ్లం లోహాన్ని తినేస్తుంది, ఆ తిన్న గాట్లలో సిరా నిలిచి కాగితం మీదకు దిగుతుంది. మెదక్ చెలకల్లో తుమ్మముళ్లు గీరుకుపోయిన పిక్కలు చూసినవాళ్లకు ఆ గీత కొత్తగా అనిపించదు. ఆ గీతలో మేకలున్నాయి, తీగలున్నాయి, ఒకరినొకరు చుట్టుకున్న ఆడా మగా ఉన్నారు. 1970ల నాటి ఆ బొమ్మల్లోని బాహాటపు శృంగారం చూసి పట్నంలో చాలామంది మొహం తిప్పుకున్నారు. పల్లెలో పుట్టి పెరిగిన వాళ్లకు అందులో వింతేముంది? బావి దగ్గర మోటు సరసాలు, పెళ్లిళ్లలో పాడే బూతుపాటలు, మందలో పోతుమేక ఆగడాలు, ఇవన్నీ పిల్లల ఎదటే జరిగేవి. సిగ్గు మనం పట్నంలో కొనుక్కున్నాం. ఊరి గురించి ముచ్చటగా చెప్పుకునేటప్పుడు ఈ ముక్కను చప్పుడు కాకుండా తీసేస్తాం. ఆయన తీయలేదు, అంతే. ఆయన బొమ్మల అచ్చు ప్రతి లిఫ్టు పక్కన ఎందుకు వేలాడదో దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది.

కొంతకాలం నేనొక సిద్ధాంతం కట్టుకుని తిరిగాను. ఎండిన నేల గీతనిస్తుంది, తడి నేల రంగునిస్తుంది అని. సాక్ష్యానికి కొండపల్లి శేషగిరిరావు గారి బండలున్నాయి. 1924లో మానుకోట వైపు పెనుగొండలో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని వచ్చి, హైదరాబాద్ చుట్టుపక్కల రాళ్లగుట్టలను కుదురుగా కూర్చుని గీశారు. అటు పక్క సాక్ష్యానికి దామెర్ల రామారావు గారి గోదావరి ఉంది. 1897లో రాజమండ్రిలో పుట్టినవాడు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఈ కుర్రాడి చేతిలో ఏముందో పసిగట్టి బొంబాయి జె.జె. స్కూలుకు పోయే దారి చూపించాడు. చదువు ముగించుకుని మళ్లీ గోదావరి ఒడ్డుకే వచ్చి, బొమ్మల బడి పెట్టి, 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. పోయినవాడి బొమ్మలను స్నేహితుడు వరద వెంకటరత్నం గారు, మిగతా శిష్యులు కాపాడబట్టి ఇవాళ రాజమండ్రిలో ఆయన పేర గ్యాలరీ ఉంది. ఆ నీటిరంగుల గోదావరి బొమ్మల్లో కొండకూ నీటికీ మధ్య గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. ఇంతవరకూ నా సిద్ధాంతం బాగానే నిలబడింది. కానీ మధిర నుంచి వచ్చిన సూర్యప్రకాశ్ గారు ముందు తుక్కు కింద పడేసిన కార్లను వేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి తామరకొలనులు వేశారు. ఎండిన నేల మీది వైకుంఠం గారేమో గోదావరి జిల్లాల వాళ్లెవరూ వాడనంత రంగు వాడారు. అక్కడితో సిద్ధాంతం కూలింది. నేల కుంచెకు ఏదో ఇస్తుంది, నిజమే. అయితే ఏమిస్తుందన్నది పుచ్చుకునేవాడి కొరతను బట్టి ఉంటుందేమో. నీళ్లు లేని చోట పుట్టినవాడికి నీళ్లే కావాలనిపించవచ్చు. చెలక రంగు రోజూ చూసి మొహం మొత్తినవాడికి నాటకం చీర ఎరుపే పండుగ అయ్యుండవచ్చు.

ఇదంతా చిత్రకారుల సంగతి. చూసేవాళ్ల సంగతి వేరే ఉంది, నన్ను ఎక్కువ సతాయిస్తున్నది అదే. మా బాపమ్మ నాకు బాగా గుర్తుంది అనుకునేవాణ్ని. ఎర్రటి జరీ అంచు చీర, నల్లటి చెయ్యి, మోచేతి దాకా గాజులు, నుదుట పెద్ద బొట్టు. వాకిట్లో కూర్చుని చాటలో బియ్యం చెరిగేది. ఈమధ్య అమ్మ పాత కాగితాలు సర్దుతుంటే బాపమ్మ పేరు మీది పట్టాదారు పాసుపుస్తకం బయటపడింది. అందులో అతికించిన చిన్న నలుపు తెలుపు ఫొటోలో నుదురు బోసిగా ఉంది. కనుబొమల నడుమ పచ్చబొట్టు చుక్క ఒక్కటే. "బొట్టు చెరిగిపోయిందా ఏంది ఫొటోల?" అని అడిగితే అమ్మ నన్ను వింతగా చూసింది. "మీ బాపమ్మకు బొట్టెక్కడిది బిడ్డా? మీ తాత పోయేటాళ్లకు మీ బాపు ఇంక బడికి పోతుండె. గాజులు గూడ లేకుండె, కడియాలే" అంది. చీర? తెల్లదో వెలిసిన నీలమో అయ్యుంటుందట. మరి నేను ఇన్నేళ్లుగా గుర్తుపెట్టుకున్న మనిషి ఎవరు? చెయ్యి మాత్రం బాపమ్మదే, అది ఒట్టేసి చెప్పగలను. మిగతాదంతా ఎక్కడో పత్రిక ముఖచిత్రం మీద, ఏ బ్యాంకు క్యాలెండర్ మీదనో, ఏ హోటల్ గోడ మీదనో చూసిన బొమ్మ. బొమ్మ వచ్చి మా బాపమ్మకు బొట్టు పెట్టిపోయింది. ఊళ్లో ఎవరూ చేయడానికి ధైర్యం చేయని పని.

మొదట కోపం వచ్చింది. ఒకరి జ్ఞాపకం అందంగా ఉన్నంత మాత్రాన ఇంకొకరి జ్ఞాపకాన్ని లేపి, ఆ జాగాలో కూర్చోవచ్చునా? ఈ ముచ్చటైన పల్లె బొమ్మల్లో ఆకలి లేదు, వెట్టి లేదు, గడి లేదు, బోసి నుదురు లేదు అని ఒక దుయ్యబట్టే వ్యాసం రాయాలన్న ఉబలాటం కూడా పుట్టింది. రాసి ఉంటే తప్పక చప్పట్లు పడేవి. కానీ 'దాసి' సినిమా అడ్డం వచ్చింది. 1988లో బి. నర్సింగరావు గారు తీసిన ఆ సినిమాలో గడి ఉంది, గడిలో దొర ఉన్నాడు, ఆడబాపగా, అంటే దొరసాని వెంట అరణంగా వచ్చి, ఆ ఇంట అన్నిరకాలుగా నలిగిపోయే పడుచు ఉంది. ఆ పాత్ర వేసిన అర్చనకు వచ్చినదానితో కలిపి ఆ సినిమాకు ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. అందులో కళాదర్శకత్వం అవార్డు వైకుంఠం గారిదే. ఆ చీకటి గదులను, పొడుగాటి వసారాలను, గిన్నెలను, గోడల మాపును సర్ది పెట్టిన చెయ్యి, లిఫ్టు పక్కన ఎర్రచీర మనిషిని గీసిన చెయ్యి ఒక్కటే. అంటే ఆయనకు తెలియక కాదు. అంతా తెలిసే, ఆ గడిలో తలవంచుకుని నడిచిన మనిషిని బొమ్మలోకి తెచ్చి మెడ ఎత్తి నిలబెట్టారు. మోయలేనంత నగ పెట్టారు. వెనకాల గడి గోడ లేకుండా చేశారు. నేను ఇన్నాళ్లూ వెనక ఊరు లేదేమిటని వెతుకుతున్నాను గానీ, ఆ మనిషి వెనక ఊరు ఉండి ఏం ఒరగబెట్టిందని? ఇది కూడా నా ఊహేనేమో. ఆయనను అడిగితే నాకు రంగులంటే ఇష్టం, అందుకే వేశాను అని తేల్చేయవచ్చు. అయినా బాపమ్మ నుదుటి బొట్టు మీద నా కోపం అప్పటి నుంచి తగ్గింది. తీసేయబుద్ధి కావడం లేదు. పాసుపుస్తకంలో ఫొటో ఎలాగూ ఉంది, రుజువు కావలసినవాళ్లు దాన్ని చూసుకుంటారు.

ఇప్పుడు మా వైపు నేలే మారిపోయింది. రాజయ్య గారి సిద్దిపేటకు ఆ పక్కనే యాభై టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం వచ్చింది. 2022లో దాన్ని ప్రారంభించారు. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు దాని అడుగున ఉన్నాయి. చెలకలు మడులయ్యాయి, జొన్నచేలు ఉన్న చోట రెండు కార్లు వరి పండుతోంది, ఎండిన నేల గురించి నేను పైన చెప్పిందంతా ఇవాళ బస్సు కిటికీలో నుంచి చూసేవాడికి కట్టుకథ. ఇటు హైదరాబాద్‌లో శేషగిరిరావు గారు గీసిన లాంటి బండలు, దాదాపు రెండు వందల యాభై కోట్ల ఏళ్ల వయసున్నవి, పునాదుల కోసం పగిలి కంకర అయ్యాయి. నీళ్లు వచ్చినందుకు ఏడ్చేవాణ్ని కాను. బోరు ఎండిపోయి మనుషులు ఎలా పోయారో మా ఊళ్లో చూశాను. ముళ్లచెట్ల అందం కోసం కరువు ఉండాలని కోరుకోవడానికి చాలా బలిసి ఉండాలి.

నేను ఆలోచించేది గజ్వేల్ దగ్గర ఆర్ అండ్ ఆర్ కాలనీలో, అంటే పునరావాస కాలనీలో, పెరుగుతున్న పిల్లల గురించి. మునిగిన ఊళ్ల నుంచి వాళ్ల కుటుంబాలను తెచ్చి అక్కడ పెట్టారు. ఒకే కొలతలో వరసగా ఇళ్లు, తిన్నటి సిమెంటు రోడ్లు, ఇంటి ముందు నల్లటి నీళ్ల ట్యాంకు, గోడ మీద ఇంటి నంబరు. అరుగు మీద కూర్చున్న తాత మునిగిపోయిన ఊరి గురించి చెబుతుంటే, పక్కన ఒక పిల్ల ఫోన్ మీద వేలు తిప్పుతూ సగం వింటుంటుంది. ఆ పిల్లల్లో ఒకరి చేతిలో బొమ్మలు వేసే గుణం ఉండే ఉంటుంది, ఎక్కడో ఒకచోట ఉండక మానదు. రేపు హైదరాబాద్‌లోనో బరోడాలోనో చదివి తన ఊరి బొమ్మ వేస్తుంది. అందులో ఏముంటుంది? నంబరు వేసిన గోడా, నైటీ మీద తువాల కప్పుకున్న అమ్మా, ఒకదాని పక్కన ఒకటి నల్లటి ట్యాంకులా? లేక తాను కళ్లారా చూడని, తాత నోట విన్న ఊరా? ఏది వేసినా ఆ బొమ్మ ముందు నిలబడి, ఇందులో తెలంగాణ ఎక్కడుందమ్మా, బొట్టేదీ, బోనమేదీ అని మొట్టమొదట అడిగేవాళ్లలో నా వయసు వాళ్లమే ఉంటాం.